కోలాటమా, వాకింగా, భజనా: కొత్త ఊళ్లో మనుషులు త్వరగా దగ్గరయ్యేది దేంతో?

బెంగళూరుకి కొత్తగా వచ్చిన మనవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. "అక్కా, మా అపార్ట్‌మెంట్‌లో వాకింగ్ గ్రూపు ఉంది, జుంబా ఉంది, శనివారం భజన ఉంది, కోలాటం కూడా నేర్పుతున్నారు. అన్నిటికీ టైం లేదు. నలుగురు మనుషులు కావాలంటే దేంట్లో చేరమంటావు?" మొన్న సంక్రాంతి తర్వాత అమ్మ ఒంగోలు నుంచి నా దగ్గరికి వచ్చేసింది. అప్పుడు ఈ ప్రశ్న మా ఇంట్లోకే వచ్చింది. అమ్మకి కన్నడ రాదు, హిందీ రాదు, పైగా మోకాళ్ల నొప్పులు.

నేను దీన్ని ఒకే కొలతతో చూస్తాను: ఎంత త్వరగా? ఎందుకంటే ఇక్కడ మనలో చాలామందివి 11 నెలల అగ్రిమెంట్లు. ఓనరు అద్దె పెంచితేనో, ఆఫీసు మారితేనో మళ్లీ సామాన్లు కట్టాల్సిందే. ఊళ్లో అయితే పక్కింటివాళ్లతో చుట్టరికం కలవడానికి పదేళ్లు పట్టినా ఇబ్బంది లేదు. ఇక్కడ అంత సమయం ఎవరికీ లేదు.

ఈ త్వరగా అన్నదాని మీద ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ఒక మంచి అధ్యయనం ప్రచురించారు. వయోజనుల కోసం కొత్తగా మొదలైన తరగతులను ఏడు నెలలపాటు గమనించారు. కొన్నింట్లో పాటలు, కొన్నింట్లో చేతిపనులు, కొన్నింట్లో రచన నేర్పారు. పాటలవాళ్లు మొదట్లోనే ఒకరికొకరు దగ్గరైపోయారు. మిగతావాళ్లు మెల్లమెల్లగా కలిశారు. ఏడో నెలకి అందరూ సమానమే. అంటే సొంత ఇల్లు కొనుక్కుని స్థిరపడినవాళ్లు కుట్లు, అల్లికల క్లాసులో చేరినా నష్టం లేదు. 11 నెలల్లో ఏడు నెలలు పరిచయాలకే పోతే మాత్రం మనకి మిగిలేది నాలుగే.

వాకింగ్ సంగతి చూద్దాం. ఖర్చు లేదు, నేర్చుకునేది లేదు, డాక్టరు కూడా మెచ్చుకుంటాడు. కానీ కలిసి నడవడం వేరు, అడుగు కలిపి నడవడం వేరు. స్టాన్‌ఫర్డ్‌లో విల్టర్‌మత్, హీత్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం 2009లో వచ్చింది. ముగ్గురేసి మనుషుల్ని క్యాంపస్‌లో నడిపించారు. కొందరిని మామూలుగా, కొందరిని ఒకే అడుగు పడేలా. తర్వాత అందరూ కలిసొస్తేనే లాభం వచ్చే ఆట ఆడిస్తే, అడుగు కలిపినవాళ్లే ఎక్కువ సహకరించుకున్నారు. మా టవర్ల చుట్టూ పొద్దున తిరిగేవాళ్లలో సగం మంది చెవుల్లో ఇయర్‌ఫోన్లే. పక్కపక్కనే నడుస్తున్నా ఎవరి పాట వాళ్లది, ఎవరి వేగం వాళ్లది. ఇద్దరే కలిసి, చెవులు ఖాళీగా పెట్టుకుని నడిస్తే అడుగులు చాలాసార్లు వాటంతటవే కలుస్తాయి. అలాంటి తోడు ముందే ఉంటే వాకింగ్ బంగారం.

జుంబా ఒంటికి మంచిది. అందరూ టీచర్ వైపే తిరిగి ఉంటారు కాబట్టి ముందు వరుసవాళ్ల వీపులే పరిచయమవుతాయి. ఆన్‌లైన్ క్లాసుల్లో అందరూ మ్యూట్‌లో ఉంటారు, వాటిని నేను లెక్కలోకే తీసుకోను.

ఇక కోలాటం. ఇందులో నీ కర్ర తగలాల్సింది ఎదుటి మనిషి కర్రకి. ఆమె రాకపోతే నీ దెబ్బ గాల్లోకి పోతుంది, నువ్వు ఆలస్యమైతే ఆమె దెబ్బ పోతుంది. అందుకే కళ్లెత్తి చూడాలి, ఆగాలి, అందుకోవాలి. కోపు, అంటే అడుగుల వరుస, మారిందంటే జత మారుతుంది. ఒక పాట అయ్యేలోపు వలయంలో అందరి ముఖాలూ చూసేస్తావు. నాకు ఇదే అసలు సంగతి. తాళం స్పీకర్‌లోంచి కూడా వస్తుంది. నీ కోసం ఒక మనిషి చెయ్యెత్తి ఆగడం మాత్రం మనిషి దగ్గర్నుంచే వస్తుంది.

అందరూ ఒకేలా కదలాలని కూడా లేదు. 2014లో కెనడాలో 14 నెలల పిల్లల్ని ఎత్తుకుని పాటకి తగ్గట్టు ఊపారు. ఎదురుగా ఉన్న మనిషి కూడా అదే లయలో ఊగితే, తర్వాత ఆమె చేతిలోంచి వస్తువులు జారిపడినప్పుడు ఆ పిల్లలు ఎక్కువగా తీసి ఇచ్చారు. బిడ్డ పైకి వెళ్లినప్పుడు ఆమె కిందికి వంగినా ఫలితం అదే. కోలాటంలో ఒకరు వంగితే ఒకరు లేస్తారు కదా, ఇది చదివినప్పుడు నాకు మా కోలాటం హాలే కళ్లముందు మెదిలింది.

మొదటి వారం నేను కర్రతో హాసన్ నుంచి వచ్చిన ఒకావిడ వేళ్ల మీద కొట్టాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని "ఒందు, ఎరడు, మూరు, నాల్కు" అని లెక్క నేర్పింది. రెండు నెలలైనా కాలేదు, పాపకి జ్వరం వచ్చిన రాత్రి నేను తట్టింది ఆవిడ తలుపే.

ఇబ్బందులూ ఉన్నాయి. సరి సంఖ్యలో మనుషులు కావాలి, హాలు దొరకాలి, కర్రల చప్పుడుకి పైఫ్లాట్లవాళ్లు ఒప్పుకోవాలి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, అడుగు పట్టుకోలేనివాళ్లు రెండు వారాల్లో మానేస్తారు. అందరూ కలిసిపోయిన వలయం బయట నిలబడటం చాలా బాధ. కొత్తవాళ్లకి బాగా వచ్చినవాళ్లని జత వెయ్యమని మా గురువుగారిని అడిగి ఒప్పించాను.

మరి అమ్మ? ఆవిడకి భజనే మేలని తేల్చాను. బ్రెజిల్‌లో హైస్కూలు పిల్లలతో చేసిన నాట్య ప్రయోగంలో, ఒళ్లు అలిసేలా ఆడటం ఒక మేలు చేస్తే, లయ కలవడం విడిగా ఇంకో మేలు చేసింది. కూర్చుని చిన్నగా చేతులు కదిపినవాళ్లలో కూడా, లయ కలిసినవాళ్లే ఎక్కువ దగ్గరయ్యారు. భజనలో ఉండేది అదే: కుర్చీలో కూర్చోవచ్చు, చప్పట్లు కలపొచ్చు, పల్లవి అందరిదీ. కన్నడ పదాలు అర్థం కాకపోయినా రెండోసారికి నోటికొచ్చేస్తాయి.

మూడో శనివారం అమ్మ చిక్‌పేట నుంచి కంచు తాళాలు తెప్పించుకుంది. నిన్న నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సోఫాలో ఇద్దరు పెద్దావిడలు కూర్చుని ఉన్నారు. ఒకరిది మైసూరు, ఒకరిది పాలక్కాడ్. అమ్మ వాళ్లకి పెసరట్లు వేస్తోంది.