కాజీపేటల సాయంత్రం బైబిల్ క్లాసులు ఎట్లున్నయంటే

మా ఇంటి దగ్గరి చర్చిల యూత్‌కు సేవ గురించి క్లాసులు పెడితే పోయిన, ఫీజు ఏం లేదు, జిరాక్స్ పైసలే. బైబిల్ల రెండో పేతురు పత్రిక 1వ అధ్యాయం 5 నుంచి 7 వచనాలే మొత్తం సబ్జెక్టు, విశ్వాసం తర్వాత సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం (అంటే ఆశలను అదుపుల పెట్టుకునుడు), సహనం అట్ల పాస్టరయ్య ఒక్కోటి చెప్పుకుంట పోయిండు. ఆశానిగ్రహం కాడ మస్తు టైం తీసుకున్నడు, మైకు దొరికితే ఇడువనోళ్లకు గూడ గదే కావాలె అన్నడు, ఎనక కూసున్న పాటల టీమంత తల దించుకున్నరు (మా తమ్ముడు గూడ అండ్లనే). సహోదర ప్రేమ మాత్రం ఉరుకులాటల ముగించిండు, అది నాకు నచ్చలే. అయిపోయినంక చాపలు మడుసుడు, చాయ్ గ్లాసులు కడుగుడు మన మీదనే, అది గూడ క్లాసేనట. కుర్చీలు తక్కువ, జల్ది పోండ్రి. స్టేజీ ఎక్కి మాట్లాడుడు నేర్పుతరనుకుంటే పోకుండ్రి.