క్రౌన్ విక్టోరియా: మొదట మార్చాల్సింది షాక్‌లు, స్ప్రింగులా? లావుపాటి స్వే బారా?

అమెరికాలో పోలీసు కారుగా, ట్యాక్సీగా పేరుపడ్డ ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా ఉత్పత్తి 2011లో ఆగిపోయింది. బరువు దాదాపు 1,900 కిలోలు. మలుపులో పడవలా ఒరుగుతుంది. దీన్ని సరిచేయడానికి రెండు దారులు: గతుకుల తర్వాత స్ప్రింగుల ఊపును అణిచే షాక్‌లను (షాక్ అబ్జార్బర్లు) స్ప్రింగులతో సహా మార్చడం, లేదా ఎడమ కుడి చక్రాలను కలుపుతూ మలుపులో ఒరుగుడు తగ్గించే కడ్డీని, అంటే స్వే బార్‌ను, లావుది వేయడం. బడ్జెట్ ఒకదానికే సరిపోతే ఏది ముందు?

ఖర్చు: షాక్‌లు, స్ప్రింగులు నాలుగు చక్రాలకూ కొనాలి, పైగా అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) బిల్లు. బార్ చౌక.

శ్రమ: బార్ అంటే బోల్టులు విప్పి బిగించడమే. 2003 నుంచి వచ్చిన మోడళ్లలో మాత్రం ముందు చక్రాల దగ్గర షాక్, స్ప్రింగు ఒకే యూనిట్. వాటిని విడదీయాలంటే స్ప్రింగును స్ప్రింగ్ కంప్రెసర్ అనే పనిముట్టుతో నొక్కి పట్టాలి. అది జారితే ప్రాణాల మీదకు వస్తుంది. అలవాటు లేకపోతే దయచేసి మెకానిక్‌కే ఇవ్వండి.

ఫలితం: బార్ గట్టిదనం దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 28 మి.మీ. బార్ తీసి అదే రకం 30 మి.మీ. వేస్తే గట్టిదనం 30 శాతానికి పైగా పెరుగుతుంది, ఒరుగుడు వెంటనే తగ్గుతుంది. కానీ గతుకు దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటే బార్ ఏమీ చేయలేదు. అది అరిగిన షాక్‌ల సంగతి.

రిస్క్: వెనక బార్ ఒక్కటే లావు చేస్తే తడి రోడ్డు మీద, మంచులో వెనక భాగం పక్కకు జారే ప్రమాదం ఎక్కువ.

లక్ష మైళ్లు దాటినా పాత షాక్‌లే ఉంటే మొదట వాటినే మార్చండి. కుటుంబంతో తిరిగే కారుకు మామూలు స్ప్రింగులే హాయి; పోలీసు మోడల్‌వి గట్టిగా ఉంటాయి. షాక్‌లు కొత్తవే అయి, ఘాట్ రోడ్ల మలుపుల్లో ఒరుగుడే ఇబ్బంది అయితే బార్ వేయించుకోండి, ముందు చక్రాల బార్‌తో మొదలుపెట్టి.