ముళ్లతీగ, సోలార్ కంచె, జీవకంచె: పశువులు మేసే బీడుకు ఏది మేలు?

తొలకరి దగ్గరపడిందంటే ఇదే ప్రశ్న. "బీడు చుట్టూ కంచె ఏటెయ్యమంటారు బాబూ? ముళ్లతీగే కదా చవక?" అని పాల కేంద్రం దగ్గర క్యాన్లతో నిలబడి అడుగుతారు, విశాఖ దగ్గరి ఆనందపురం మార్కెట్లో ఎదురుపడి అడుగుతారు, పద్మనాభం వైపు నుంచి ఫోన్ చేసి మరీ అడుగుతారు. మా బీడు చుట్టూ ఉన్న పాత ముళ్లతీగ తీసేసి ఈ మధ్యే కంచె మార్చాను. అందుకని నా లెక్క ఏమిటో ఒకేచోట చెబుతున్నాను.

కంచె అనగానే మనం పశువు ఆగుతుందా, ఎన్నేళ్లు ఉంటుంది, ఎంతవుతుంది అనే మూడే చూస్తాం. ఆ మూడూ కావాల్సినవే. కానీ నేను అంతకంటే ముందు చూసేది ఒకటుంది: ఆ కంచె నుంచి ఏటా గడ్డిలోకి ఏం రాలుతుంది? నా నిర్ణయమంతా దీని మీదే నడిచింది.

మేక పెదవులతో ఆకు ఆకు ఏరుకుని తింటుంది. ఆవుకీ గేదెకీ ఆ ఏరివేత లేదు. నాలుకతో గడ్డిని చుట్టి లాగి, పెద్దగా నమలకుండానే మింగేస్తాయి, నమలడం తర్వాత నెమరులో. ఆ గడ్డిలో రెండు మూడు అంగుళాల తీగ ముక్క ఉంటే అది కూడా లోపలికి పోతుంది. పోయి రెండో పొట్టలో, లోపలంతా తేనెపట్టు గళ్లతో ఉండే చిన్న సంచిలో, చేరుతుంది. ఆ సంచికి ముందు పలచటి పొర ఒకటి, ఆ పొర అవతల గుండె. నెమరుకి పొట్ట ముడుచుకున్నప్పుడల్లా తీగ మొన ఎక్కడో ఒకచోట గుచ్చుకునే వీలుంది. చూడి నెలలు నిండుతున్న కొద్దీ లోపలి బరువు దాన్ని ముందుకు తోస్తుంది, ఈనేటప్పుడు ముక్కడం వల్ల ఇంకాస్త తోస్తుంది. అందుకే ఈ జబ్బు బాగా పాలిచ్చే ఆవుల్లో, ఈతకి అటూ ఇటూగా బయటపడడం ఎక్కువ.

గుర్తులు తెలిసి ఉండాలి. పాలు ఉన్నట్టుండి పడిపోతాయి, మేత ముట్టదు. వీపు గూని చేసి, ముందుకాళ్ల మోచేతులు బయటికి పెట్టి నిలబడుతుంది. పల్లంలోకి తోలితే దిగదు, దిగితే మూలుగుతుంది. చాలా ఇళ్లలో దీన్ని అజీర్తి అనుకుని వాము, అల్లం, బెల్లం పట్టి రెండు మూడు రోజులు గడిపేస్తారు. ఆ రోజులే విలువైనవి. మొదట్లోనే డాక్టరుకి చూపిస్తే అయస్కాంతం మింగించో, అవసరమైతే పొట్ట కోసి తీసో కాపాడే అవకాశముంది. గంగడోలు దగ్గర నీరు దిగి వాచి, మెడ నరం ఉబ్బి పైకి కనిపిస్తోందంటే తీగ గుండె పొరని తాకినట్టే. అక్కడికి వచ్చాక డాక్టరు చేయగలిగింది చాలా తక్కువ. సంచార పశువైద్య వాహనం కోసం 1962కి ఫోన్ చేయాల్సింది మేత మానేసిన మొదటిరోజే.

ఈ కళ్లతో ముళ్లతీగని చూడండి. వేసిన ఏడు అందంగానే ఉంటుంది. భీమిలి వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి తగిలే పొలాల్లో పైనున్న జింకు పూత త్వరగా పోతుంది, పోయాక ముడి వేసిన ముల్లు దగ్గర తుప్పు మొదలవుతుంది. గేదెలు స్తంభాలకి ఒళ్లు రుద్దుకుంటాయి. సరుగుడు కర్రలు పాతినచోట అడుగు పుచ్చి కదులుతుంది, తీగని పట్టించిన యు ఆకారపు మేకులు ఊడి గడ్డిలో పడతాయి. తీగ తెగితే మనం ఏం చేస్తాం? రెండు కొసలూ లాగి మెలిపెట్టి, మిగిలిన తోకని కట్టింగ్ ప్లయరుతో తుంచేస్తాం. ఆ తోక ఎక్కడ పడిందో ఎవరూ వెతకరు. సరిగ్గా అదే కొలత, ఆవు మింగే కొలత. ఆ తర్వాత బ్రష్ కట్టరుతో గడ్డి కోసి, మేతని ముక్కలు చేసే చాఫ్ కట్టరులో వేస్తే, ఒక ముక్క మూడవుతుంది.

ఇక గాయాల సంగతి అందరికీ తెలిసిందే. పొదుగు బరువైన జెర్సీ, హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవుల్లో చన్ను తీగకి చీరుకుంటే పాలు ఆ చీలిక లోంచి కారుతూనే ఉంటాయి, వెనకాలే పొదుగువాపు వస్తుంది. వానాకాలంలో గీరుకున్న చిన్న గాయానికి కూడా ఈగ వాలి పురుగు పడుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. స్తంభం ఖర్చు మిగులుతుందని తాటిచెట్లకే మేకులు కొట్టి తీగ లాగడం మా వైపు మామూలు. ఆ చెట్టు మీద పిడుగు పడితే విద్యుత్తు తీగ వెంట పాకుతుంది. చెట్టుకి దూరంగా, కంచె పక్కన నిలబడ్డ పశువు కూడా పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి వీచింది. అలాంటి గాలికి కరెంటు తీగ తెగి ఇనుప కంచె మీద పడితే కంచె మొత్తం కరెంటే. తుపాను వెలిశాక రేకుల షెడ్ల బోల్టులు, మేకులు, రేకు చెక్కలు ఎక్కడెక్కడి పొలాల్లోనో తేలతాయి. అవన్నీ ఏరకుండా పశువుల్ని వదలకూడదు.

గడ్డిలో ఇనుము కంచె నుంచే వస్తుందని నేననడం లేదు. ఆనందపురం, భీమిలి, పెందుర్తి చుట్టూ లేఅవుట్లు పడ్డాయి. స్లాబు పని జరిగిన చోట బైండింగ్ వైరు ముక్కలు పడి ఉంటాయి, ఆ ప్లాట్లలోనే గడ్డి మొలుస్తుంది, అక్కడే ఆవులు మేస్తాయి. భోగి మంటలో టైర్లు వేస్తే రబ్బరు కాలిపోయి, లోపలి సన్నటి ఉక్కు తీగలు వందలుగా బూడిదలో మిగులుతాయి. ఆ బూడిద పెంటకుప్పలోకి, పెంటకుప్ప పొలంలోకి వెళుతుంది. టైరు తీగ సన్నం, గట్టి, మొన తేలి ఉంటుంది. దయచేసి టైర్లు కాల్చకండి. ఊళ్లో మీ మాట వినేవాళ్లు నలుగురున్నా వాళ్లకి చెప్పండి. ఇన్ని వైపుల నుంచి ఇనుము వస్తుంటే, మన డబ్బుతో కొని మన చేత్తో మరికొంత బీడు చుట్టూ చుట్టడం నాకు ఒప్పలేదు.

సోలార్ కంచె, అంటే సోలార్ పలకతో నడిచే షాక్ తీగ కంచె, ముళ్లతీగ కంటే చాలా నయం. దీనికి నున్నటి తీగే చాలు. పశువు ఒకటి రెండుసార్లు ముక్కు తగిలించి షాక్ తిన్నాక మళ్లీ ఆ దరికి రాదు, ఆనుకోదు, రుద్దుకోదు, కాబట్టి తీగ తెగడం తక్కువ. పెద్ద పశువులకి రెండు వరసలు సరిపోతాయి, దూడలుంటే కింద మూడోది. బీడులోకి వదిలేముందు చిన్న దొడ్డిలో తీగ లాగి దాని దెబ్బేమిటో వాటికి తెలియనివ్వాలి. లేకపోతే బెదిరిన పశువు తీగని తెంచుకుంటూ పోతుంది.

షాక్ అంటే భయపడేవాళ్లకి ఒక మాట. కంచె తీగలోకి షాక్ పంపే పెట్టె, ఎనర్జైజరు, ఇచ్చేది వేల వోల్టులే అయినా సెకనుకో చిన్న దెబ్బగా, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువసేపు ఇస్తుంది. పశువు ఉలిక్కిపడుతుంది, చచ్చిపోదు. ఇంటి కరెంటు 230 వోల్టులే అయినా ఆగకుండా పారుతుంది, అందుకే ప్రాణం తీస్తుంది. ఎనర్జైజరు లేకుండా మోటారు షెడ్డు నుంచి వైరు లాగి కంచెకి తగిలించేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నేరం. పశువుతోపాటు మనిషీ పోతాడు, ఆ మనిషి మన ఇంటివాడే అయినా కావచ్చు.

సోలార్‌తో చిక్కు వానాకాలంలో వస్తుంది. శ్రావణంలో గడ్డి వారంలోనే ఎగదన్ని తీగని తాకుతుంది, తాకినచోటల్లా కరెంటు భూమిలోకి పోతుంది, కంచె చల్లబడుతుంది. తీగ కింద గడ్డి కోస్తూనే ఉండాలి. కోసే ఓపిక లేక కలుపుమందు కొడతారు, ఆ మందు కొట్టిన గడ్డినే పశువు మెడ చాచి మేస్తుంది. వేసవిలో నేల ఎండిపోతే ఎర్తింగ్ రాడ్ల దగ్గర నీళ్లు పోయాలి. ఉరుములప్పుడు ఎనర్జైజరుని విడదీసి ఉంచాలి. ఇవన్నీ చూసుకునే మనిషి ఉంటే మంచిదే. ఇంకొకటి: అల్యూమినియం తీగ వాడితే తుప్పు పట్టదు కానీ, దాని ముక్క పొట్టలోకి పోతే అయస్కాంతం పట్టదు. ముక్కలు పారెయ్యకుండా జేబులో వేసుకోవడం నేర్చుకోవాలి.

కందకం గురించి కూడా అడుగుతారు. చూడి పశువులూ దూడలూ ఉన్నచోట వద్దు, పడితే కాళ్లు విరుగుతాయి. తుమ్మకంప ఒక్క వేసవికే, తర్వాత ముళ్లు గిట్టల్లో ఉంటాయి. చైన్‌లింక్ మెష్ డబ్బున్నవాళ్లకి, కింది అంచు తుప్పు పట్టేదాకా. ప్రహరీ సంగతి చెప్పక్కర్లేదు.

నా మొగ్గు జీవకంచె వైపు, అంటే చెట్లనే దగ్గర దగ్గరగా పెంచే కంచె వైపు, అందులోనూ గ్లైరిసీడియా వైపు. పచ్చిరొట్టకని వరిగట్ల మీద వేసిన చెట్టే, కొత్తదేం కాదు. రాలితే ఆకు రాలుతుంది, విరిగితే కొమ్మ విరుగుతుంది, ఆ రెండింట్లోనూ ఇనుము లేదు. గాలివానకి విరిగినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ముదురు కొమ్మలు, మణికట్టు లావువి, అయిదడుగుల పొడవున ఏటవాలుగా నరికి, అడుగు లోతున, అడుగు దూరం మించకుండా తొలకరికి పాతితే చాలావరకు బతుకుతాయి. చచ్చినచోట వచ్చే ఏడు పూడ్చుకోవాలి. మధ్యమధ్య అవిశ వేసుకోవచ్చు, మేతకి బాగుంటుంది కానీ ఎక్కువేళ్లు నిలవదు. గ్లైరిసీడియా ఆకు వాసన ఆవులకి మొదట్లో నచ్చదు. కోసి ఒక పూట వాడబెట్టి, ఎండుగడ్డిలో కొంచెం కొంచెంగా కలిపి పెడితే అలవాటు పడతాయి. ఎండాకాలంలో పచ్చమేత కరువైనప్పుడు ఈ ఆకే ఆదుకుంటుంది. గుర్రాలకి మాత్రం పెట్టకూడదు.

దీని లోపం కాలం. పశువుని ఆపేటంత ఎదగాలంటే రెండు వానాకాలాలు పడుతుంది. ఆ రెండేళ్లూ లేతమొక్కల్ని మీ పశువులే తినేస్తాయి. అందుకే నేను లోపలివైపు రెండు వరసల సోలార్ తీగ వేశాను. కంచె ఎదిగాక దాన్ని తీసి, బీడుని మడులుగా విడదీసి మార్చి మార్చి మేపుకోవడానికి వాడతాను. తీగ కూడా కొనలేనివాళ్లు తాటికమ్మల దడి కట్టుకోవచ్చు, పురికొసతో కట్టండి, తీగతో వద్దు.

జీవకంచెకి ఏ మొక్క పడితే ఆ మొక్క వేయకూడదు. పశువు ముట్టదు కదా అని అడవి ఆముదం, లబ్బరు తూటి, తలంబ్రాల మొక్క వేసేవాళ్లున్నారు. ముట్టదన్నది పచ్చగడ్డి ఉన్నంతవరకే, మే నెలలో ఆకలికి ముడుతుంది. తలంబ్రాల ఆకు కాలేయాన్ని పాడుచేసి కామెర్లు తెస్తుంది, ఎండ తగిలినచోట చర్మం ఊడుతుంది. గన్నేరు అన్నిటికంటే ప్రమాదం. కొద్దిపాటి ఆకే పశువు గుండెని ఆపేస్తుంది, ఎండినా విషం పోదు. హైవే డివైడర్ల మీద పెంచే గన్నేరుని కత్తిరించినప్పుడు ఆ కొమ్మలు రోడ్డు పక్కన పడి ఉంటాయి. వాటిని మేత మోపుల్లో కలవనివ్వకండి, కంచెకి అంట్లుగానూ తేకండి.

పాత ముళ్లతీగ తీసేవాళ్లు ముక్కలుగా నరకొద్దు. ఒక కొస నుంచి విప్పుకుంటూ ఉండలా చుట్టాలి, ఊడదీసిన ప్రతి మేకునీ డబ్బాలో వేయాలి. తర్వాత పాత స్పీకరు అయస్కాంతాన్ని తాడుకి కట్టి కంచె వెంట రెండు వైపులా ఈడ్చుకుంటూ నడవండి. గడ్డి పొట్టిగా ఉండే చైత్రవైశాఖాల్లో అయితే బాగా దొరుకుతాయి. అంతకుముందు నుంచి అక్కడ మేసిన పశువులుంటే, ముఖ్యంగా తొలి ఈతకి రాబోయే పడ్డలుంటే, డాక్టరుని అడిగి అయస్కాంతం మింగించండి. ఒకసారి వేస్తే రెండో పొట్టలోనే ఉండిపోయి ఇనుప ముక్కల్ని తనకి అతికించుకుంటుంది.

కౌలుకి తీసుకున్న బీడైతే జీవకంచె మాట వేరు. రెండేళ్ల కౌలుకి మొక్కలు పెంచి భూమి యజమానికి అప్పజెప్పడం కుదరదు. వాళ్లు సోలార్‌కే వెళ్లాలి. స్తంభాలతో సహా పీకి పట్టుకెళ్లిపోవచ్చు, వెళ్లేముందు ఒకసారి అయస్కాంతం ఈడిస్తే సరి.