వీడియో పోకర్ లింకు వచ్చిందా? రూపాయి కూడా వెయ్యొద్దు (తిరుపతి, చిత్తూరు వాళ్లు తప్పక చదవండి)

అన్నలారా, తమ్ముళ్లారా, ఆ వీడియో పోకర్ కాసినో లింకు గురించే రాస్తున్నా. ఏ లింకో విడమర్చి చెప్పక్కర్లేదు, మన తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లందరికీ ఈపాటికి వచ్చే ఉంటాది. ఒక ఏపీకే ఫైలు (ప్లే స్టోర్ బయట నుంచి ఎక్కించుకునే యాప్), ఎవరిదో సొంత నంబరుకి యూపీఐ, పైన ‘జాక్స్ ఆర్ బెటర్, 99.54 శాతం రిటర్న్’ అని పెద్దక్షరాలు. వీడియో పోకర్ అంటే తెర మీద ఐదు ముక్కలు పంచుతారు, వద్దన్నవి ఒకసారి మార్చుకోవచ్చు, చివరికి చేతిలో ఏం ఉందో దాన్నిబట్టి డబ్బు. జాకీల జత నుంచి పైకి గెలుపు, అందుకే ఆ పేరు. 99.54 శాతం రిటర్న్ అంటే వంద పెడితే సగటున 99.54 తిరిగొస్తుందని. డబ్బు పోయింది. ఎవరిది ఎంత పోయిందనేది పక్కన పెట్టండి. మనవాళ్లని ముంచింది ఆ 99.54, అందుకే ముందు దాని సంగతి.

ఆ అంకె నిజమైనదే. కడుపు మండేదీ అందుకే. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో ఒక నిబంధన ఉంది: మెషీన్ తెర మీద పేకముక్కలు చూపిస్తే, ప్రతి ముక్కా నిజం పేకలో 52 ముక్కల్లోంచి ఎంత అవకాశంతో వస్తుందో అంతే అవకాశంతో రావాలి. అందుకే అక్కడ గెలుపు శాతాన్ని లెక్క కట్టొచ్చు. ఫుల్ హౌస్‌కి (ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) కాయిన్‌కి 9, ఫ్లష్‌కి (ఐదూ ఒకే గుర్తువి) 6 ఇచ్చే మెషీన్‌లో, ప్రతిసారీ ఐదు కాయిన్లు పెట్టి, ఏ ముక్కలు ఉంచుకోవాలో ఒక్క తప్పూ లేకుండా ఆడితే దీర్ఘకాలంలో 99.54 శాతం తిరిగొస్తుంది. ఈ షరతుల్లో ఏది తప్పినా అంకె పడిపోతుంది. ఐదు బదులు ఒక్క కాయిన్‌తో ఆడితే రాయల్ ఫ్లష్‌కి (ఒకే గుర్తులో పది నుంచి ఆసు దాకా) కాయిన్‌కి 800 బదులు 250 మాత్రమే ఇస్తారు, అక్కడే ఒక శాతానికి పైగా పోతుంది. నెవాడా మెషీన్ల అంకెను తెచ్చి, ఏ నిబంధనా లేని ఏపీకే ఫైలుకి అతికించి, తిరుపతిలో అమ్ముతున్నారు.

ఇంక ఏ చేతికి కాయిన్‌కి ఎన్ని ఇస్తారో చూపించే పట్టిక చూడండి. గ్రూపులో పెట్టిన స్క్రీన్‌షాట్‌లో ఫుల్ హౌస్ 9, ఫ్లష్ 6. డబ్బు వేసి పది రూపాయల కాయిన్ టేబుల్ తెరిస్తే ఫుల్ హౌస్ పక్కన 6, ఫ్లష్ పక్కన 5. మిగతా వరసలన్నీ అచ్చం అవే, రంగు కూడా అదే. కళ్లు ముక్కల మీద ఉంటాయి కాబట్టి ఆ రెండంకెలు ఎవరికీ పట్టవు. ఫుల్ హౌస్, ఫ్లష్ ఒక్కోటీ సుమారు 90 ఆటలకి ఒకసారి పడతాయి, కాబట్టి వాటిలో ఒక్కో అంకె తగ్గితే 1.1 శాతం చొప్పున కోత. 9, 6 పోయి 6, 5 వస్తే 99.54 కాస్తా 95కి దిగుతుంది. ఆటకి 50 రూపాయలు, గంటకి 600 ఆటలు అనుకోండి, 30,000 తిప్పినట్టు. మొదటి పట్టిక మీద సగటు నష్టం 138 రూపాయలు, రెండోదాని మీద 1,500. ముక్కలు నిజాయితీగా పడినా ఇంత తేడా.

మరి ముక్కలు నిజాయితీగా పడతాయా? ‘మెషీన్‌ని నమ్మొచ్చా’ అని గ్రూపులో చాలామంది అడిగారు. సూటిగా చెప్తాను: ఆడేవాడు కూర్చున్నచోటు నుంచి పూర్తిగా తేల్చుకోలేడు. కొంతవరకు ఒక పరీక్ష ఉంది. మొదట పంచిన ఐదు ముక్కల్లోనే జాకీల జత గానీ అంతకంటే పెద్దది గానీ పడే అవకాశం 20.6 శాతం. వెయ్యి పంపకాలు రాసుకుంటే 206కి అటూ ఇటూ ఉండాలి. 170 కంటే తగ్గినా 245 దాటినా ఆ పేకలో ఏదో తేడా ఉన్నట్టే. ఉచితంగా ఆడించే డెమోలో మాత్రం ఈ లెక్క వేసి మురిసిపోవద్దు, డెమోకి ఒక ప్రోగ్రాము, డబ్బుకి ఇంకోటి పెట్టడం యాప్ నడిపేవాడికి చిటికెలో పని.

అసలు మోసం పంపకంలో ఉండక్కర్లేదు, మార్చుకునే ముక్కలో దాస్తారు. ఇస్పేట్ పది, జాకీ, రాణి, రాజు చేతిలో ఉన్నాయి, ఐదో ముక్క మార్చారు. మిగిలిన 47లో ఇస్పేట్ ఆసు ఒక్కటే. అది ఎప్పటికీ రాకుండా ప్రోగ్రాము రాస్తే ఎవరు పట్టుకుంటారు? రాయల్ ఫ్లష్ సుమారు 40,000 ఆటలకి ఒకసారి వచ్చేది. నిఖార్సయిన మెషీన్ మీదే 40,000 ఆడినా ఒక్కటీ రాకపోయే అవకాశం 37 శాతం దాకా ఉంది. లాస్ వేగాస్‌లో అమెరికన్ కాయిన్ అనే కంపెనీ వీడియో పోకర్ మెషీన్లలో ఇలాంటి పనే చేసింది, పెద్ద జాక్‌పాట్ పడకుండా ప్రోగ్రాము మార్చింది. 1989లో అది బయటపడింది. చట్టం, తనిఖీ అధికారులు, మెషీన్ తెరిచి చిప్పు పరీక్షించే ఏర్పాటు, అన్నీ ఉన్నచోటే అలా జరిగింది. నెవాడాలో జూదం మెషీన్లని తనిఖీ చేసే బోర్డులోనే పనిచేసిన రాన్ హారిస్ అనే ఉద్యోగి మెషీన్లలో దొంగ కోడ్ పెట్టినట్టు 1995లో తేలింది. అలాంటప్పుడు సర్వర్ యాడుందో తెలీని యాప్‌ని తెరిచి చూసేవాడెవడు? యాప్ అడుగున సర్టిఫికెట్ బొమ్మ ఉందని ధైర్యపడొద్దు. పరీక్ష చేసే ల్యాబు ఫలానా సాఫ్ట్‌వేర్‌లో ఫలానా వెర్షన్‌కి ఇస్తుంది ఆ కాగితం. బొమ్మ ఎవడైనా అతికించుకోవచ్చు.

ఇంతా ఒక ఎత్తు, డబ్బు తీసుకునేటప్పుడు జరిగింది ఒక ఎత్తు. బ్యాలెన్స్ 40,000 చూపిస్తాంది. విత్‌డ్రా నొక్కితే ‘రివ్యూలో ఉంది’. లింకు పంపి అంతదాకా అన్నా, అన్నా అని పిలిచినవాడి దగ్గరనుంచి మెసేజ్: ‘ముందు 30 శాతం ట్యాక్స్ 12,000 కట్టు, అప్పుడే రిలీజ్ అవుతాది’. కట్టాక ఇంకోటి: ‘ప్రాసెసింగ్ 3,500’. నిలదీస్తే, ‘ఆడింది నువ్వు, స్టేషన్‌కి పో, నీ మీదే కేసు రాస్తారు’. ఆ మాట చదివితే చేతులు వణుకుతాయి. మనిషిని పేకముక్కతో కాదు, భయంతో దోచుకోవడం అది.

ట్యాక్స్ మాట పచ్చి అబద్ధం. గెలుపు మీద 30 శాతం టీడీఎస్ ఉన్నమాట నిజమే, కానీ దాన్ని ఇచ్చే డబ్బులోంచి కోసుకుని మిగతాది ఇస్తారు. విడిగా ముందు కట్టమని అడిగాడంటే ఆ బ్యాలెన్స్ ఉత్త అంకెలే, ఇంక రూపాయి కూడా వెయ్యకండి.

కేసు మాటకొస్తే, 2020లో మార్చిన రాష్ట్ర చట్టం ప్రకారం ఆంధ్రాలో డబ్బు పెట్టి ఆన్‌లైన్ ఆట నిషేధం. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టంలో శిక్షలు ఇలాంటి ఆటలు నడిపేవాళ్లకి, ప్రకటనలిచ్చేవాళ్లకి, డబ్బు దాటించేవాళ్లకి. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. రాష్ట్ర చట్టం ఆడినవాణ్ని కూడా వదలదు, ఆ సంగతి దాచిపెట్టను. అయినా మోసం మోసమే, ఫిర్యాదు ఆపుకోవద్దు. ఈ లెక్కలన్నీ తెలిసీ గ్రూపులో ముందే రాయకుండా ఊరుకోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నా.

డబ్బు వేసినవాళ్లు ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే వాడి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. యూపీఐ లావాదేవీలో 12 అంకెల యూటీఆర్ నంబరు రాసిపెట్టుకోండి. చాట్ చెరపొద్దు, స్క్రీన్‌షాట్లు తీశాకే యాప్ తీసెయ్యండి. దానికి ఎస్సెమ్మెస్ చదివే అనుమతి ఇచ్చుంటే బ్యాంకు పిన్ను మార్చండి, అది కూడా వేరే ఫోన్లోంచి. గోవా పోయి ఆడేవాళ్లు కూర్చునే ముందు ఫుల్ హౌస్, ఫ్లష్ వరసలు చదవండి, 9, 6 లేకపోతే లేచి రండి. రెఫరల్‌కి 500 ఇస్తానంటున్నాడు, ఆ లింకు ఇంకో తమ్ముడికి పంపొద్దు.