నేపాల్‌లో ఇటుకలు మోసొచ్చాం: బెంగళూరు నుంచి వెళ్ళాలనుకునేవాళ్ళకు

"డబ్బులు కట్టి మరీ కూలిపనికి వెళ్ళడమేంటమ్మా?" మారతహళ్ళిలో నేను రోజూ తినే ఆంధ్రా మెస్ ఓనరు గారు మొహమాటం లేకుండా అడిగేశారు. అడగాల్సిన ప్రశ్నే. భూకంపంలో ఇల్లు పోయిన ఒక కుటుంబానికి ఇల్లు కట్టే పనికి మా ఆఫీసు వాళ్ళం, అపార్ట్‌మెంట్ వాళ్ళం కొంతమందిమి కలిసి నేపాల్ వెళ్ళొచ్చాం. అప్పటినుంచి తెలిసినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వివరాలు అడుగుతున్నారు. ఎక్కడ డబ్బు దండగ, ఎక్కడ కాదు అన్నది రాసేస్తే ఒక పని అయిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. 2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపంలో అక్కడ దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. ఇల్లు కూలిన కుటుంబానికి నేపాల్ ప్రభుత్వం ఇచ్చిన సాయం 3 లక్షల నేపాలీ రూపాయలు, అదీ మూడు విడతల్లో. మన రూపాయికి వాళ్ళవి 1.60 కాబట్టి మన డబ్బుల్లో 1,87,500. విమానం, బస, సంస్థకు కట్టిన విరాళం అన్నీ కలిపి నాకైన ఖర్చు లక్ష దాటింది. అంటే నాలాంటి ఇద్దరు ఇంట్లోనే కూర్చుని ఆ డబ్బు పంపితే ప్రభుత్వం ఇచ్చినదానికంటే ఎక్కువే అవుతుంది. మరి పంపేవాళ్ళమా అంటే, మా బ్యాచ్‌లో ఒక్కరూ పంపి ఉండేవాళ్ళు కాదు. ఈ లెక్క తెలిసి వెళ్ళడం వేరు, తెలియక వెళ్ళి మనమేదో ఉద్ధరించామని స్టేటస్‌లు పెట్టుకోవడం వేరు.

సంస్థను ఎంచుకోవడానికే ఎక్కువ టైమ్ పట్టింది. బెంగళూరులోనే ఒక ట్రావెల్ కంపెనీ మాకు ప్యాకేజీ చూపించింది. రెండు రోజులు ఇంటి పని, ఒక పూట అనాథాశ్రమం, ఆఖర్న రాఫ్టింగ్! అనాథాశ్రమం మాట వినగానే లేచొచ్చేశాం. అమ్మానాన్నలు బతికే ఉన్న పిల్లల్ని కూడా టూరిస్టుల విరాళాల కోసం ఆశ్రమాల్లో పెడుతున్నారన్న అపవాదు నేపాల్‌కు ఎప్పటినుంచో ఉంది. ఎవరితో వెళ్ళినా మూడు విషయాలు అడగండి. మేస్త్రీ ఆ ఊరివాడేనా? మనం వచ్చేశాక మిగతా పని ఎవరు పూర్తిచేస్తారు? కట్టిన డబ్బులో ఇటుక, సిమెంటు, ఇనుముకు పోయేదెంత? మూడోదానికి నసిగితే ఇక మాటలు అనవసరం.

ఈ తరహా పనికి పెద్ద పేరు హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ. 1976లో అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ అనే చిన్న ఊళ్ళో మిలార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు మొదలుపెట్టారు. ఇల్లు ఊరికే ఇచ్చెయ్యరు, ఆ కుటుంబం కూడా పనిలో చెయ్యి వెయ్యాలన్నది వాళ్ళ పద్ధతి. మనవాళ్ళకు పెద్దగా తెలియనిదేమిటంటే, ఇండియాలో వాళ్ళ పని 1983లో మొదలైంది మన ఖమ్మంలోనే. మేం వెళ్ళింది వేరే చిన్న సంస్థతో, కానీ ఇంటివాళ్ళు చెయ్యి వెయ్యాలన్న పద్ధతి వీళ్ళకూ ఉంది. భూమి కాగితాలు సరిగా లేక ప్రభుత్వ జాబితాలో చేరని కుటుంబాలనే చూసి ఎంచుకుంటారు. నాకు నచ్చింది అదే.

ప్రయాణంలో చెప్పేది తక్కువే. ఢిల్లీ మీదుగా వెళ్ళాం. ఢిల్లీ నుంచి ఖాట్మండుకు ఎడమవైపు కిటికీ సీటు తీసుకోండి, మబ్బు లేకపోతే మంచుకొండలు ఆ వైపే కనిపిస్తాయి. వీసా అక్కర్లేదు గానీ విమానంలో వెళ్ళేవాళ్ళకు పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. ఆధార్ చూపిస్తే చాలనుకుని బయల్దేరకండి. పట్నంలో చాలా షాపుల్లో మన యూపీఐతో క్యూఆర్ స్కాన్ చెయ్యొచ్చు. పల్లెల్లో నోట్లే, కాబట్టి వంద నోట్లు ఎక్కువ పెట్టుకోండి.

ఖాట్మండులో మొదట టూరిస్టుల పేట థమేల్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, కానీ అర్ధరాత్రి దాటినా కింద పాటలు ఆగలేదు. ఇందిరానగర్ పబ్బుల పక్క సందులో అద్దెకున్నవాళ్ళకు అలవాటేమో, నాకైతే నిద్ర లేదు. తిరుగు ప్రయాణంలో బౌద్ధా స్తూపం దగ్గర చిన్న గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. థమేల్ గది కన్నా ఇరుకు, లిఫ్టు లేదు, అయినా వందసార్లు నయం. భూకంపానికి దెబ్బతిన్న ఆ స్తూపం పైభాగాన్ని 2016కల్లా మళ్ళీ కట్టేశారు. ఖాళీ రోజు ఉంటే పశుపతినాథ్ గుడి చూడండి. గర్భగుడిలో పూజ చేసేది కర్ణాటక నుంచి వెళ్ళిన భట్టులే. మీ బ్యాచ్‌లో వేరే మతం వాళ్ళుంటే మాత్రం ప్రధాన ఆలయంలోకి రానివ్వరు, ముందే చెప్పి తీసుకెళ్ళండి.

పని జరిగింది కావ్రే జిల్లాలో, ధులిఖేల్ దాటాక కొండ మీది ఒక పల్లెలో. ఇక్కడ బసకు రెండు దారులున్నాయి. ధులిఖేల్ హోటల్లో ఉండి రోజూ జీపులో వెళ్ళి రావొచ్చు, లేదా పల్లెలోనే ఎవరింట్లోనైనా ఉండొచ్చు. మాలో సగం మంది హోటల్ అన్నారు. బాల్కనీలోంచి హిమాలయాలు, కమోడ్, వైఫై, అన్నీ బాగున్నాయి. కానీ రోజూ వాళ్ళు సైటుకు చేరేసరికి మేస్త్రీ రెండు వరుసలు లేపేసేవాడు. నేను పల్లెలోనే ఉన్నా. చన్నీళ్ళు, పెరట్లో మరుగుదొడ్డి, దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు. నడుం నొప్పి ఉన్నవాళ్ళకు, చంటిపిల్లల తల్లులకు నేను పల్లె బస చెప్పను. మిగతావాళ్ళు అక్కడే ఉండండి.

తిండి టైములు మనకు కొత్త. పొద్దున్నే టీ మాత్రమే, పదింటికల్లా అన్నం పప్పు, మధ్యాహ్నం అటుకులో నూడుల్సో, రాత్రి మళ్ళీ అన్నం పప్పు. గుంద్రుక్ అని పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూరతో పులుసు చేస్తారు. మా గుంటూరాయన అది రుచి చూసి ఇది గోంగూర చుట్టమే అని రెండోసారి వడ్డించుకున్నాడు. నేను తీసుకెళ్ళిన కందిపొడి నేనున్న ఇంటి దిదీకి నచ్చింది, వాళ్ళ అత్తగారికి దగ్గొచ్చింది.

ఇక పని. గోడ మూలలు మేస్త్రీ ఒక్కడే కడతాడు. రెండు మూలల మధ్య దారం లాగి కట్టి, ఆ దారం వెంబడి ఇటుకలు పేర్చడం మన వంతు. ప్రతి నాలుగైదు ఇటుకలకు వచ్చి రసమట్టం పెట్టి చూసి, తాపీ పిడితో టకటకా రెండు దెబ్బలు కొట్టి వెళ్తాడు. పునాది మీద, కిటికీల కింద, తలుపులూ కిటికీల పైన లింటెల్ దగ్గర ఇల్లంతా చుట్టి వచ్చేలా కాంక్రీటు పట్టీ వేస్తారు. నేల కదిలినప్పుడు గోడలు విడివిడిగా పడిపోకుండా పట్టి ఉంచేది అదే. పాత రాతి ఇళ్ళలో ఆ పట్టీ లేకే గోడలు తలో దిక్కుకు విచ్చుకున్నాయని మేస్త్రీ తన ఇంటి సంగతే చెప్పాడు. ఇక్కడ వాడింది కాల్చని ఇటుక. మట్టిలో కొంచెం సిమెంటు కలిపి మిషన్‌లో గట్టిగా నొక్కి తీస్తారు. దీని మీద బెంగళూరు ఐఐఎస్‌సీలో పల్లెలకు పనికొచ్చే టెక్నాలజీ కోసం 1974లో పెట్టిన అస్త్ర విభాగం వాళ్ళు ఏనాడో పనిచేశారు. మేముండే ఊళ్ళోని సంగతి, కొండెక్కి మేస్త్రీ చేతిలో చూసేదాకా నాకు పట్టలేదు.

మాలో బాగా ఉపయోగపడింది ఇంజినీర్లు కాదు, కేఆర్ పురం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ ఆంటీ. ఇటుకలు అందించే వరుసలో నిలబడి, వచ్చీరాని హిందీలో ఇంటావిడతో రోజంతా కబుర్లే. సంస్థ వాళ్ళు అడిగితే చెప్పని విషయం ఆమెతోనే బయటపడింది. వంటగది తలుపు కొట్టం వైపు ఉండాలని ఆ ఇంటావిడ మనసు, ప్లాన్‌లో ఇంకోవైపు ఉంది. గోడ లేవకముందే తెలిసింది కాబట్టి తలుపు మారింది. మేం చేసినవాటిలో విలువైన పని ఏదంటే నేను ఇదే చెప్తా.

విదేశం వెళ్ళాలన్న మోజు లేకపోతే బెంగళూరు దగ్గరే చూసుకోండి. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) కింద ఒకరోజు ఇల్లు కట్టే పని పెట్టే సంస్థలు ఇక్కడా ఉన్నాయి. అలా బాగేపల్లి వైపు ఒకసారి వెళ్ళాను. అక్కడ ఊరంతా తెలుగే, మేస్త్రీ తిట్టినా అర్థమవుతుంది! కానీ టీషర్టులు, బ్యానరు, గ్రూప్ ఫొటో పోగా పనికి మిగిలింది రెండు గంటలే. ఖర్చులో బాగేపల్లి, పనిలో నేపాల్. మేముండే అపార్ట్‌మెంట్ల పక్కనే రేకుల షెడ్లలో ఉండి ఈ టవర్లు లేపిన పాలమూరు, రాయచూరు వాళ్ళ ఇళ్ళ సంగతి మాత్రం ఏ సంస్థ బ్రోషర్లోనూ నాకు కనబడలేదు.

వెళ్ళేవాళ్ళు మార్చి, ఏప్రిల్ చూసుకోండి. దసరా సెలవులు కలిసొస్తాయని అక్టోబరులో బుక్ చేసుకోవద్దు. వాళ్ళ దసరా, అంటే దశైఁ, వాళ్ళకు మన సంక్రాంతి కన్నా పెద్ద పండగ. మేస్త్రీలు ఇళ్ళకు పోతారు, బస్సుల్లో సీటు దొరకదు, సైటులో మీరూ ఇటుకలూ తప్ప ఎవరూ ఉండరు.