ఐపీ అడ్రసులు: ఏరియా ముందా, పని ముందా?

రుషికొండ, గాజువాక, మధురవాడల్లో బ్రాంచీలున్న సంస్థ 10.0.0.0/8ని (అంటే 10తో మొదలయ్యే ప్రైవేటు అడ్రసులన్నిటినీ) పంచుకోవాలి. 10 తర్వాతి రెండో సంఖ్యను ఏరియాకివ్వాలా, పనికి (కెమెరాలు, ఫోన్లు, వైఫై) ఇవ్వాలా అన్నదే పేచీ.

ఏరియా ముందైతే: గాజువాక మొత్తం 10.2.0.0/16 (10.2తో మొదలయ్యేవన్నీ). మిగతా రౌటర్లకు ఆ బ్రాంచి తరఫున ఒక్క రూటు (ఎటు పంపాలో చెప్పే దారి) చాలు.
పని ముందైతే: కెమెరాలన్నీ 10.30.0.0/16. రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఒకే రూల్, హాయి. కానీ ప్రతి బ్రాంచి నుంచీ కెమెరాలకొకటి, ఫోన్లకొకటి, వైఫైకొకటి రూటు; రౌటర్లలో రూట్ల టేబుల్ ఉబ్బుతుంది.

ప్రైవేటు అడ్రసులు ఉచితమే. తర్వాత మార్చాలంటేనే చుక్కలు కనిపిస్తాయి: ప్రింటర్లు, డీహెచ్‌సీపీ (అడ్రసులు వాటంతటవే ఇచ్చే ఏర్పాటు), పాత రూల్స్, అన్నీ కదపాలి.

బ్రాంచీలు పెరుగుతుంటే ఏరియా ముందు. ఒకే క్యాంపస్, కట్టుదిట్టమైన సెక్యూరిటీ అయితే పని ముందు. నేనైతే ఏరియాకే ఓటేసి, మూడో సంఖ్యను పనికిస్తాను: కెమెరాలు ఏ బ్రాంచిలోనైనా 30.