మూత డబ్బాలో కొమ్మలకు వేర్లు: ఆరేళ్ళ వాడకం తర్వాత

ఉష్ణమండల మొక్కల కొమ్మలు నాటుకోవాలంటే గ్రీన్‌హౌస్ ఉండాల్సిందేనని నేనూ చాలాకాలం నమ్మాను. ఆరేళ్ళుగా నా పని మొత్తం మూత గట్టిగా పడే ఒక ప్లాస్టిక్ డబ్బాతోనే నడుస్తోంది. అడుగున నాలుగు వేళ్ళ మందాన తడి స్ఫాగ్నమ్ నాచు, పైన కాస్త వెలుతురు, అంతే. ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, హోయా, బిగోనియా అన్నీ ఇందులోనే వేర్లు పట్టాయి.

కోసిన కొమ్మకు వేర్లు ఉండవు, కానీ ఆకులు నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. తాగే దారి లేక వాడిపోతుంది. మూత వేస్తే లోపలి గాలి తేమతో నిండి ఆ నష్టం తగ్గుతుంది. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ మూత బిగించిన సీసాలో ఫెర్న్ మొలవడం చూసి గాజుపెట్టెలు చేయించింది ఈ తేమను నమ్ముకునే.

ఇన్నేళ్ళలో ఎక్కువ కొమ్మల్ని చంపింది మాత్రం తేమ తక్కువవడం కాదు, నాచులో నీళ్ళు ఎక్కువవడం. మొదటి ఏడాది నాచును తడిపి అలాగే పరిచేదాన్ని. నాలుగో రోజు మూత తీస్తే పుల్లటి మురుగు వాసన. మాన్‌స్టెరా కోత దగ్గర నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా జారిపోయింది. తెల్లటి గట్టి భాగం కనిపించేదాకా శుభ్రమైన కత్తితో కోసుకుంటూ వెళ్ళాను, చివరికి ఒక్క కణుపే మిగిలింది. దాన్ని ఒక పూట గాలికి ఆరనిచ్చి మళ్ళీ పెడితే బతికింది. అప్పటినుంచి నాచును పిడికిట్లో గట్టిగా పిండి, ఇక చుక్క రాలదు అనుకున్నాకే పరుస్తున్నాను. పాలు కారే హోయా కోతల్ని ఆరబెట్టకుండా లోపల పెట్టను.

కణుపు లేని ముక్కను మాత్రం పెట్టకండి. మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్‌ల ఆకు కాడ ఒక్కదానికి వేర్లు వచ్చినా చిగురు రాదు. గాలి వేరున్న కణుపు దొరికితే సగం పని అయినట్టే. ఈ జాతి మొక్కల రసం చర్మానికి దురద పెడుతుంది, చేతికి తొడుగు వేసుకోండి.

వేడి 22 నుంచి 27 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పని చురుగ్గా సాగుతుంది. చలికాలంలో అదే కొమ్మ వారాల తరబడి కదలదు. డబ్బా కింద హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పరుపు) పెట్టాక ఆ తేడా చాలావరకు పోయింది, కానీ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేనిది వద్దు. ఎండ విషయంలో ఒకసారి బాగా దెబ్బతిన్నాను. చలికాలంలో సూర్యుడు కిందికి వాలి, అంతకుముందెప్పుడూ తగలని ఎండ నేరుగా డబ్బా మీద పడింది. మధ్యాహ్నానికి ఆకులన్నీ ఉడికినట్టు గాజురంగుకు తిరిగాయి. అందుకే ఇప్పుడు కిటికీకి దూరంగా, ఎల్‌ఈడీ దీపం కింద రోజుకు 12 గంటలు ఉంచుతున్నాను.

ఈ పద్ధతిలో నాకు నచ్చనిది బయటికి తీసే ఘట్టం. అంత తేమలో పెరిగిన ఆకు పొడి గాలిని తట్టుకోలేదు. వేర్లు రెండు అంగుళాలు దాటి పిల్లవేర్లు వేశాక మొదటిరోజు అరగంట మూత తీస్తాను, తర్వాత గంట, తర్వాత పూట. పది రోజులకు పైనే పడుతుంది. తొందరపడి ఒక్కరోజులో కుండీలోకి మార్చిన ఆంథూరియం సాయంత్రానికే తల వాల్చేసింది. ఎంత బతిమాలినా లేవలేదు. ఆ మొక్క మీద నాకు ఇప్పటికీ బెంగే.

మనీ ప్లాంట్‌కు ఇదంతా అక్కర్లేదు, గ్లాసు నీళ్ళు చాలు. పెద్ద మాన్‌స్టెరా ఆకులు డబ్బాలో పట్టవు. సగానికి కోసి పెడితే కోసిన అంచు నుంచి కుళ్ళు మొదలైంది. వాటికి ఇప్పుడు నాచు నింపిన కుండీ మీద పారదర్శకమైన సంచి బోర్లించి, అది ఆకును తాకకుండా రెండు పుల్లలు గుచ్చుతున్నాను.